మోతీకలి మెడగంట

జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్
22 జనవరి 2024

అక్కా,

నువ్వు బాగున్నావనీ, నీ మోకాలు బాగాలేదనీ, బావగారి చెవులు అసలే బాగాలేవనీ తెలిసే ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఫోన్ ఉండగా ఇదేమిటంటావేమో. పోయిన వారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను దాన్ని కొట్లో కౌంటర్ మీద పెట్టి, పక్క కొట్టువాళ్లతో కలిసి విన్నాను. స్పీకర్ నొక్కలేదు. బావగారికి వినపడాలని అరిచి అరిచి నీ గొంతు ఆ స్థాయికి చేరింది. పైగా మీ మాయాబందర్ సిగ్నల్ సగం మాటలు మింగేస్తుంది. అందుకని నాన్న నేర్పిన ఉత్తరాల అలవాటే నయం. బస్సు కండక్టర్ చేతికిచ్చిన కవరు ఇంతవరకు ఒక్కటీ పోలేదు.

విషయానికొస్తాను. నన్ను ఇక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శిని చేశారని చెప్పాను కదా. ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమా ఒకటి వెయ్యాలని తీర్మానించాం. తప్పిపోయిన కుక్క ఊళ్లు దాటుకుని ఇల్లు చేరే కథ. మా అధ్యక్షుడు బంగారురాజు గారు, పడవల ఆసామి, ముందే ఇంట్లో వేసుకుని చూసి, కళ్లు తుడుచుకుని ఆమోదించారు. చిక్కంతా హాలు దగ్గర వచ్చింది. సినిమాకైతే అద్దె కట్టాలి, విజ్ఞాన కార్యక్రమానికైతే ఊరికే ఇస్తారు. హాలు చూసే ఆయన మంచివాడు. "ముందు ఏదో ఒక సైన్స్ భాషణ్ పెట్టెయ్యండి భయ్యా. కాగితం మీద అదే అసలు ప్రోగ్రామ్, సినిమా దాని తోక" అన్నాడు. కుక్క సినిమా కాబట్టి 'జంతువుల తెలివితేటలు' అని అంశం నేనే పెట్టాను. మాట్లాడతానన్న లెక్చరర్ గారు మాత్రం ఉన్నట్టుండి సెలవు పెట్టి చెన్నై ఓడెక్కేశారు.

అప్పుడు బావగారు గుర్తుకొచ్చారు. అటవీ శాఖ ఏనుగుల క్యాంపులోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. గుమస్తా ఉద్యోగమే అనుకో, అయినా ఏనుగుల పక్కన కూర్చుని చేసిన గుమస్తా ఉద్యోగం. ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలు. అసలు ఎవరూ వినరు, భయపడొద్దని చెప్పు.

ఇంకో సంగతి. మీ కోసం ఖాళీగా ఉంచిన మేడమీది వాటాని బ్యాంకులో పనిచేసే ఒకాయన రోజూ అడుగుతున్నాడు. వానలు పడేలోగా మీరు వచ్చేస్తారో లేదో తేల్చి చెప్పు. ఇక్కడ చెవుల డాక్టరున్నాడు, మోకాళ్ల డాక్టరున్నాడు, నేనున్నాను.

నీ తమ్ముడు
సత్యారావు
(సంఘం కాగితం మీద రాశాను. ముద్ర చూసి కంగారుపడకు.)

*

మాయాబందర్
30 జనవరి 2024

సత్యం,

ముద్ర చూసి కంగారుపడలేదు గానీ లోపల రాసింది చూసి పడ్డాను. జంతువుల తెలివితేటలు అనగానే మీ అందరికీ మా ఆయన గుర్తుకొచ్చాడన్నమాట. అంత తీరికగా అవమానించాలంటే సంఘమే కావాలి, ఒక్క మనిషి వల్ల కాదు.

పైగా చెవిటి మనిషిని ఉపన్యాసానికి పిలుస్తున్నారు. నీకు సరిగ్గా తెలియదేమో, చెప్తాను విను. పోయిన వానాకాలం ఒక సాయంత్రం, "తమ్ముడు మేడ కట్టాడు, ఇక్కడ మనకేముంది, పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోదాం" అని చెప్తున్నాను. మీ బావ "ఏంటీ?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏంటీ?" అన్నాడు. అప్పటినుంచి అంతే. డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, లోపల ఏమీ లేదు, వయసు మీద పడింది అన్నాడు. నువ్వు పంపిన చెవి మిషన్ ఈల వేస్తోందని మీ బావ దాన్ని రుమాల్లో చుట్టి డ్రాయర్లో పెట్టాడు. నేనేం చెప్పాలన్నా మీ అమ్మాయి శ్రావణి చిన్నప్పుడు ఇక్కడ వదిలేసిన పలక మీద రాయాలి. "కూర ఏం చెయ్యమంటారు" అని రాసి చూపిస్తే "ఊఁ" అంటాడు. అదేం కూరో నువ్వే చెప్పు.

నిజం చెప్పనా, నాకు ఇక్కడ ఉండాలని లేదు. రోజంతా ఒక్కదాన్నే మాట్లాడుకుంటున్నాను. ఆయన వీపు వెనక నిలబడి అన్నీ ఆయనకే చెప్తాను. వినపడదు కాబట్టి మొహమాటం లేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చెప్పనివన్నీ ఈ ఆర్నెల్లలో చెప్పేశాను. తిట్లు ఉన్నాయి, తిట్లు కానివీ ఉన్నాయి. కానీ జవాబు రాని మాటలు ఎన్నాళ్లని మాట్లాడతాను? జంగ్లీఘాట్‌లో పడవలు ఒడ్డుకొచ్చే వేళ ఆ గోలలో నిలబడి ఒక చేపని బేరమాడాలని ఉంది. ఎవరైనా నన్ను ఎదురు తిట్టినా చాలు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చెవులు పోయాక మీ బావకి బుద్ధి పెరిగింది. బావి నుంచి నీళ్లు మొయ్యలేకపోతున్నానని నాలో నేను గొణుక్కున్న వారంలోనే పెరటి తలుపు దాకా కొళాయి పైపు వేయించాడు. పప్పుల డబ్బాలు అందడం లేదని విసుక్కున్నాను, అలమార కిందికి దింపించాడు. ఈమధ్య అన్నం వండడం కూడా నేర్చుకున్నాడు. చెవులున్న రోజుల్లో మొత్తుకున్నా చెయ్యని పనులివి. పక్కింటి దుర్గ అంది కదా, "ఒకటి పోతే ఇంకోటి పదునెక్కుద్ది దీదీ, టీవీలో సెప్పారు" అని. అదే అయ్యుంటుంది.

పొద్దున లేవగానే మాత్రం మామూలే. అరటిపళ్ల అత్తం చంకలో పెట్టుకుని క్యాంపుకి పోతాడు. అక్కడ మోతీకలి అని పని మానేసిన ముసలి ఏనుగు ఉంది. నా సవతి. దానితో బాగానే మాట్లాడతాడని మావటివాళ్లు చెప్తారు.

నీ మాట కాదనలేక పలక మీద రాశాను, "జంతువుల తెలివి గురించి పోర్ట్ బ్లెయిర్‌లో మాట్లాడాలట, వెళ్తారా" అని. చదివి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "వెళ్తాను" అన్నాడు. ఊఁ కాదు, వెళ్తాను. నాకు విషయం అర్థమైంది. మేడమీది వాటా కళ్లారా చూసుకోవాలని ఉంది ఆయనకి, నోరు తెరిచి అనలేక ఇలా వస్తున్నాడు. నేను రాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్సులో ఈ మోకాలు మడుచుకుని కూర్చోలేను. వస్తే సామానుతోనే వస్తాను.

మీ సంఘం అవమానించినా నొచ్చుకోని
అక్క రమాదేవి

*

జంగ్లీఘాట్
8 ఫిబ్రవరి 2024

అక్కా,

అవమానం కాదు, గౌరవం. కరపత్రంలో బావగారి పేరు పెద్ద అక్షరాల్లో, సినిమా సంగతి చిన్న అక్షరాల్లో వేయించాను. జనం చిన్న అక్షరాలు మాత్రమే చదువుతున్నారు, అది వేరే సంగతి.

నువ్వు చెప్పింది నిజం, ఆయన వస్తున్నది వాటా చూడడానికే. అందుకే పైన సున్నం వేయించి, నీ మోకాలి కోసం కూర్చునే రకం మరుగుదొడ్డి పెట్టించాను. ఏనుగు మీద బెంగ పెట్టుకుంటారేమోనని నీ మరదలు ప్రమోద అంటోంది. నేను ఆలోచించాను. ఏనుగు లేకపోతే ఒక కుక్కపిల్లని పెంచుకోవచ్చు. నాలుగు కాళ్లు ఉంటాయి, మేత తక్కువ.

ఆయన కోసం ఏర్పాట్లు గట్టిగా చేశాను. వేదిక మీద ఆయన కాళ్ల దగ్గరే పెద్ద సౌండ్ బాక్స్ పెట్టిస్తున్నాను. రెండు అట్టలు రాయించాను, ఒకదాని మీద 'మొదలుపెట్టండి', రెండోదాని మీద 'చాలు' అని. నేను ఎదురుగా కూర్చుని చూపిస్తాను. ప్రశ్నలు ఎవరూ అడగొద్దని ముందే ప్రకటిస్తాం. బంగారురాజు గారు మాత్రం సణుగుతున్నారు. "ఏటి సత్యారావూ, పిల్లలు కుక్కని సూడ్డానికొస్తారు గానీ ఏనుగు కబుర్లు ఇనడానికొస్తారేటి? జల్దీ ఖతం చెయ్యమను" అన్నారు.

సున్నం వాసనలో కూర్చుని రాస్తున్న
తమ్ముడు

*

మాయాబందర్
16 ఫిబ్రవరి 2024

సత్యం,

మీ బావ వచ్చే శుక్రవారం బయలుదేరతాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. ఎడమ చెవిలో గట్టిగా అరిస్తే కొంచెం అందుతుందని నా అనుమానం, ప్రయత్నించు. మిషన్ ఇస్తే పెట్టుకోనన్నాడు, ఇక్కడే ఉండిపోయింది.

ఉపన్యాసం రాసుకోమని కాగితాలిచ్చాను. వాటిని ముందు పెట్టుకుని కూర్చుంటున్నాడు గానీ ఒక్క ముక్క రాయలేదు. నాకు భయంగా ఉంది. పిలిచింది మీరు, అడ్డమైన అట్టలూ పట్టుకునేది మీరు. ఎవరో ఒకటి అడిగితే ఆయన ఇంకోటి చెప్పి, జనం నవ్వితే నేను భరించలేను. ఇంట్లో నేను ఎన్నైనా అంటాను, అది వేరు. మధ్యలో ఆగిపోతే ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని కిందికి దింపు.

నేను సామాను సర్దడం మొదలుపెట్టాను. కోళ్లని దుర్గకి ఇచ్చేశాను. మనసు గట్టిపడాలంటే ముందు కోళ్లు పోవాలి.

అక్క

*

జంగ్లీఘాట్
27 ఫిబ్రవరి 2024

అక్కా,

బావగారిని క్షేమంగా బస్సెక్కించాను. ఈపాటికి నీ ఎదురుగా కూర్చుని ఊఁ అంటూ ఉంటారు. ఆయన చెప్పరు కాబట్టి జరిగింది నేను చెప్తాను.

హాలు నిండిపోయింది. ముందు భాషణ్ అనగానే సగం మంది టీకి లేచారు. బావగారు మైకు ముందు నిలబడి ఎంతకీ నోరు తెరవలేదు. నేను 'మొదలుపెట్టండి' అట్ట ఎత్తాను. దానివైపు చూడనైనా చూడలేదు. చెయ్యి పట్టుకుని దింపుదామని నేను లేవబోతుంటే, మెల్లగా, "మోతీకలి మెడలో కొయ్య గంట ఉండేది" అన్నారు.

రాత్రిపూట మేతకి వదిలినప్పుడు ఏనుగు ఎక్కడుందో తెలియడానికి మెడకి గంట కడతారట. మోతీకలి తొండంతో బురద తీసి ఆ గంటలో కూరేదట. చప్పుడు ఆగిపోయేది. ఎక్కడో పడుకుందిలే అని మావటి నిద్రపోతే, ఇది నింపాదిగా రైతుల అరటితోటలోకి నడిచి వెళ్లేది. తెల్లారేసరికి మళ్లీ తన చోటే, ఏమీ ఎరగనట్టు. టీకి లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు.

తర్వాత ఈల సంగతి చెప్పారు. సాయంత్రం పని ఆపే ఈల వినపడగానే ఎత్తిన దుంగని అక్కడే పడేసి వెళ్లిపోయేదట. పొద్దున పని మొదలుపెట్టే ఈల మాత్రం దానికి ఒక పట్టాన వినపడేది కాదట. నేను 'చాలు' అట్ట ఎత్తాను. బంగారురాజు గారు ఆ అట్ట నా చేతిలోంచి లాక్కుని కింద వేసుకుని దానిమీద కూర్చున్నారు. "ఉండవోయ్, మా పడవ కళాసీలు కూడా అంతే" అన్నారు.

ప్రశ్నలు వద్దని ప్రకటించాం కదా, అయినా అన్నిటికంటే వెనక వరసలోంచి అమ్ములు అని ఒక చిన్నపిల్ల లేచింది. దాని చేతిలో మైకు లేదు. దాని గొంతు నాకే సరిగ్గా అందలేదు. ఏనుగుకి ఏడుపొస్తుందా తాతా అని అడిగిందట. బావగారు వెంటనే, "వస్తుందమ్మా. మనం చూడనప్పుడు ఏడుస్తుంది" అన్నారు. ఇంక అందరూ మొదలుపెట్టారు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని అడిగినవాటికి కూడా జవాబు చెప్పారు. ఇదంతా నా సౌండ్ బాక్స్ మహిమ. ఏనుగులు అరికాళ్లతో కూడా వింటాయని ఆయనే చెప్పారు. బాక్సు ఆయన కాళ్ల దగ్గర పెట్టడం ఎంత మంచిదైందో చూడు.

చివరికి ఎవరో, మీరు చూసిన వాటిలో అన్నిటికంటే తెలివైన పని ఏదని అడిగారు. ఒకసారి మోతీకలిని వేరే దీవికి పంపమని ఆర్డరొచ్చిందట. జెట్టీలో బార్జి పడవ సిద్ధంగా ఉంది. మావటి పిలిచాడు, అది కదల్లేదు. అరిచాడు, చెవి పక్కనే డబ్బా కొట్టాడు. రెప్ప కూడా వెయ్యలేదు. డాక్టరొచ్చి చూసి దీనికి చెవుడొచ్చింది, పనికిరాదు అన్నాడు. బార్జి ఖాళీగా పోయింది. ఆ సాయంత్రం బావగారు క్యాంపు ఇవతలి చివర కూర్చుని చప్పుడు కాకుండా ఒక అరటిపండు తొక్క తీశారట. అవతలి చివర్నుంచి మోతీకలి తల తిప్పి చూసిందట.

"నేనెవరికీ చెప్పలేదు. దానికి ఇక్కడే ఉండాలని ఉంది. చెప్పడానికి నోరు లేదు, అందుకని చెవులు లేవంది" అన్నారు బావగారు.

హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆయనలో ఇంత హాస్యం ఉందని నాకు తెలియనే తెలియదు.

దీనివల్ల సినిమా ఆలస్యంగా మొదలైంది. హాలు మూసే వేళకి ఆపెయ్యాల్సి వచ్చింది. కుక్క ఏటి ఒడ్డున నిలబడి అవతలికి చూస్తోంది, అక్కడ ఆగింది. పిల్లలు ఒకటే ఏడుపు. ఇప్పుడు జంగ్లీఘాట్‌లో నేను ఎటు వెళ్లినా కుక్క ఏమైందని అడుగుతున్నారు.

మర్నాడు బావగారిని మేడమీదికి తీసుకెళ్లాను. గదులు చూశారు, మరుగుదొడ్డి చూశారు, కిటికీలోంచి సముద్రం చూశారు. "బాగుంది" అని కిందికి దిగిపోయారు. ఇంకేం, ఖాయం. బ్యాంకు ఆయనకి కుదరదని చెప్పేశాను.

విజయవంతమైన సభ తాలూకు కార్యదర్శి
సత్యారావు

*

మాయాబందర్
6 మార్చి 2024

సత్యం,

నువ్వు సంఘానికి కార్యదర్శివి ఎలా అయ్యావో నీ ఉత్తరం చదివాక నాకు బొత్తిగా అర్థం కాలేదు.

హాస్యం అన్నావు. సౌండ్ బాక్స్ అన్నావు. బాక్సులోంచి మీ బావ గొంతు మీకు వినపడుతుంది గానీ, వెనక వరసలో మైకు లేని పిల్ల గొంతు ఆయనకెలా వినపడుతుందిరా? మిషన్ ఇక్కడ డ్రాయర్లో, రుమాల్లో ఉంది. అరికాళ్లతో విన్నాడనుకుందామంటే తోలు చెప్పులు వేసుకుని వచ్చాడు.

నీ ఉత్తరం మడిచి పెట్టి వంటింట్లోకి వెళ్లాను. మీ బావ అరుగు మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ఒక అరటిపండు తీసి తొక్క ఒలిచాను. తల తిరగలేదు. మనిషి ఏనుగు కాదు కదా. అప్పుడు మామూలు గొంతుతో, గోడవైపు చూస్తూ, "ఈ పూట పకోడీలు వేద్దామనుకున్నాను, శనగపిండి నిండుకుంది" అన్నాను. ఆయన కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. వచ్చి శనగపిండి పొట్లం గట్టు మీద పెట్టి, మళ్లీ పోయి అరుగు మీద కూర్చున్నాడు.

పకోడీలు వేశాను. వేస్తూ ఏడ్చాను. కోపంతో ఏడ్చానని రాద్దామనుకున్నాను గానీ అది పూర్తి నిజం కాదు.

ఆ వీపుతో నేను ఎన్ని అన్నానో నీకు తెలియదు. వాళ్లమ్మ నన్ను కొత్తలో ఎలా ఏడిపించిందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పెళ్లిచూపుల్లో మీరు నాకు నచ్చలేదు, తర్వాత ఎప్పుడో నచ్చారు, ఎప్పుడో నాకే తెలియదు అని చెప్పాను. చెవులున్న మొగుడికి ఏ ఆడదైనా ఇలాంటివి చెప్తుందా? ఒకరోజు బియ్యం ఏరుతూ, నేను ముందు పోతే మీకు అన్నం ఎవరు పెడతారు అని ఏడ్చాను. వీపు కదలలేదు. ఆ మర్నాడే పలక తెచ్చి "ఎసరు ఎంత పొయ్యాలి" అని రాసి చూపించాడు. నేను వేళాకోళం అనుకుని నవ్వాను. పైపు, అలమార, అన్నం, ఇప్పుడు అన్నీ వరసగా గుర్తుకొస్తున్నాయి.

చెవులున్నన్నాళ్లూ వినని మనిషి చెవుడొచ్చాక ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు. ఈ ఊరు వదిలి రాను, ఆ ఏనుగుని వదిలి రాను అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? అనలేదు. ఆయనకి ఇష్టమో కాదో నేనూ అడగలేదులే. సామాను సగం సర్దేశాను, కోళ్లని ఇచ్చేశాను. ఇప్పుడు ఆయన్ని నిలదీస్తే వింటున్నానని ఒప్పుకుంటాడు, ఒప్పుకుని నా వెంట వచ్చేస్తాడు. వచ్చాక ఇంక ఎప్పటికీ వినడు. నాకు భయమల్లా అదే.

ఏం చెయ్యాలో నాకింకా తోచడం లేదు. నువ్వు ఏమీ చెయ్యకు. ప్రమోదకి కూడా చెప్పకు.

అక్క

*

జంగ్లీఘాట్
15 మార్చి 2024

అక్కా,

ప్రమోదకి తెలిసిపోయింది. నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి లాక్కుంది. చదివి, అన్నయ్యగారు ఎంత మంచివారో అంటోంది. ఆడవాళ్లు నాకు ఎప్పటికీ అర్థం కారు.

నేను మాత్రం మండిపోతున్నాను. ఆయన ఎడమ చెవిలో అరిచి అరిచి నాకు గొంతు బొంగురుపోయింది. సాంబారు ఇంకొంచెం కావాలా అని అడగడానికి వడ్డన చేసినట్టు, తాగినట్టు అభినయం చేశాను, అందరి ముందూ. ఆయన ఎంతో మర్యాదగా చివరిదాకా చూసి తల ఊపారు. అది కూడా పోనీ. ఆయన భుజం పక్కనే నిలబడి బంగారురాజు గారితో, "ముసలాయన్ని ఎలాగోలా తెచ్చి పైన పడేస్తే మెల్లగా అలవాటుపడతాడు, ఏనుగు బదులు కుక్కపిల్లని ఇస్తాం" అన్నాను. అప్పుడు బావగారు సముద్రం వైపు చూస్తున్నారు. అది తలుచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

అందుకని ఇందులో ఆయన పేర విడిగా ఒక కాగితం పెట్టాను. గట్టిగానే రాశాను. ఆయన చేతికివ్వు. నాటకం ఆపి మూటాముల్లె సర్దుకుని రమ్మన్నాను.

అయితే ఒక ఇబ్బంది ఉంది. మిగతా సగం సినిమా ఏప్రిల్ 14 ఆదివారం వేస్తున్నాం. లేకపోతే పిల్లలు నన్ను బతకనిచ్చేలా లేరు. హాలు ఆయన "అసలు ప్రోగ్రామ్ లేకుండా తోక ఒక్కటే ఎలా ఇవ్వమంటారు భయ్యా" అంటున్నాడు. మళ్లీ భాషణ్ కావాలి. జనం ఏనుగు తాతే కావాలంటున్నారు. బంగారురాజు గారు సినిమా లేకపోయినా ఫర్వాలేదంటున్నారు. కాబట్టి ఆ కాగితం ఆయనకి ఇచ్చేముందు ఏప్రిల్ 14 సంగతి పలక మీద రాసి ఒప్పించు.

అటు కోపం, ఇటు కార్యదర్శి పదవి, మధ్యలో
నీ తమ్ముడు

*

మాయాబందర్
27 మార్చి 2024

సత్యం,

నీ కాగితం పొయ్యిలో పెట్టాను. గట్టిగా రాశావేమో, బాగా మండింది.

ఏం చెయ్యాలో ఆ పొయ్యి ముందే తోచింది. డ్రాయర్లోంచి ఆ మిషన్ తీసి, రుమాలు విప్పి, నేనే చెవికి పెట్టుకున్నాను. అరుగు మీది నుంచి మీ బావ "టీ" అన్నాడు. నేను పలకలేదు. మళ్లీ "టీ" అన్నాడు. నేను బియ్యం ఏరుకుంటూ "ఏంటీ?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగాడు. నా చెవి వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. నేనూ చూశాను. ఆయన లేచి వంటింట్లోకి వచ్చి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "రమా, రెండు కప్పుల టీ పెడతావా, ఇద్దరం తాగుదాం" అన్నాడు. మా పెళ్లయ్యాక టీ గురించి ఆయన అన్నవాటిలో ఇదే పెద్ద వాక్యం.

ఆయనకి తెలిసిపోయిందా అని నన్ను అడక్కు. నేనాయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. రోజూ ఆ పీట మీద కూర్చుని, నాకు వినపడాలని ఒక్కో మాటా గట్టిగా విడమరిచి మాట్లాడుతున్నాడు. క్యాంపు కబుర్లు, మోతీకలి కబుర్లు, వాళ్లమ్మ గురించి కూడా. "నువ్వు అన్నది నిజమే, అప్పట్లో నేను నీ పక్షాన మాట్లాడలేకపోయాను" అని మొన్న అన్నాడు. నేను ఏంటీ అన్నాను. ఇంకా గట్టిగా చెప్పాడు. వీధంతా విన్నారు. దుర్గ పరుగెత్తుకొచ్చి, "అయ్యో దీదీ, మీకు కూడా పోయిందేటి" అని బాధపడి, కోళ్లని తిరిగి ఇచ్చేసింది.

మేడమీది వాటా బ్యాంకు ఆయనకి ఇచ్చెయ్. వీధి వైపు గది ఒక్కటి మాత్రం ఉంచుకో. మేము అక్కడికి వచ్చి ఉండిపోవడం లేదు. నాకు ఇప్పుడు ఇక్కడ మాట్లాడే మనిషి ఉన్నాడు. కానీ నేను ఏమీ లేకుండా ఊరుకునే రకం కాదు కదా. ఒకరోజు ఆయన వీపు వెనక నిలబడి గోడకి నా షరతు చెప్పాను. ఏటా ఒక నెల జంగ్లీఘాట్‌లో ఉండాలి, పడవలొచ్చే వేళకి ఒడ్డున నిలబడి చేప బేరమాడాలి, బస్సు ఈ మోకాలికి పడదు, ఓడైతే కాళ్లు చాపుకుని రావచ్చు అని. ఒక్కసారే, మామూలు గొంతుతో. నిన్న పొద్దున చూస్తే పలక మీద రెండు ఓడ టికెట్లు ఉన్నాయి. నెలరోజుల పాటు మోతీకలికి అరటిపళ్లు పెట్టమని మావటికి అప్పగించి వచ్చాడట.

ఏప్రిల్ 12న ఫీనిక్స్ బే జెట్టీకి వచ్చి మమ్మల్ని దింపుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో. మీ బావ దగ్గర ఎప్పటిలాగే గట్టిగా అరుస్తూ ఉండు. సాంబారు అభినయం కూడా మానకు, లేకపోతే అనుమానపడతాడు. నా దగ్గరా కొంచెం గట్టిగానే మాట్లాడు. కుక్కపిల్ల మాట మాత్రం ఎవరి ముందూ ఎత్తకు.

ఉపన్యాసానికి ఒప్పుకున్నాడు. నాకోసం అన్నిటికంటే వెనక వరసలో ఒక కుర్చీ వేయించు. ఇంటి దగ్గర్నుంచి ఒక అరటిపండు తెచ్చుకుంటాను. ఆయన మాటల్లో పడ్డాక, మెల్లగా తొక్క తీస్తాను. ఈసారి తల తిప్పుతాడో లేదో చూడాలి.

వినపడని నీ అక్క
రమాదేవి